గిన్నెలో మిగిలింది

నమోదు 212
గొట్టాలు: నాలుగూ నిండాయి. మంచు: మోకాలి లోతు.

ఈ పూట రాయాల్సిన పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా నమోదు నమోదే. రోగి పేరు త్రిమూర్తులు. గాలిమిషను మీద మంచు గీకే పని. నా మొగుడు.

మిషను నోరు గడ్డకట్టిందంటే నిన్న శిఖరం మీదికి వెళ్ళాడు. ఒక పూటలో దిగి వస్తానన్నవాడు, నోరు పూర్తిగా తెరుచుకునేదాకా కదలనని మొండికేసి అక్కడే పడుకున్నాడట. ఆ ఎత్తులో పడుకోకూడదని మా మంచుమెట్ట ఊళ్ళో పాకే పిల్లలకు కూడా తెలుసు. ఈయనకు తెలియదా? తెలుసు. ఆ మిషను ఆగితే ఆసుపత్రిలో నాలుగు గొట్టాలకూ ఆక్సిజన్ ఆగిపోతుందని కూడా తెలుసు. ఇవాళ నలుగురు కలిసి మోసుకొచ్చారు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఊపిరి తీస్తుంటే లోపల గురగుర, నోటి నుంచి గులాబి రంగు నురగ.

పరీక్ష నేనే చేశాను. ఈ ఆసుపత్రిలో కాచే పని నాది. ఛాతీలోంచి పీల్చిన నీటిని గాజునాళంలో పోసి, ఒక చుక్క వెనిగర్ వేసి, మంట మీద కాస్తాను. నెత్తురులోని ప్రోటీను అందులోకి వచ్చి ఉంటే తెల్లసొన ఉడికినట్టు గడ్డకట్టి అడుగుకు దిగుతుంది. అందుకే మా ఊళ్ళో దాన్ని గుడ్డు అంటారు. ఇక్కడ కోడిని కళ్ళతో చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు కానీ, గుడ్డు కట్టిందా అన్న మాట మాత్రం అందరి నోటా వింటాను.

సాక్షిగా పెద్దిరాజు బాబాయి పక్కన నిలబడ్డాడు. గొట్టాల మీద అజమాయిషీ ఆయనది. బాబాయి అంటే చుట్టరికం కాదు, ఊరంతా అలాగే పిలుస్తుంది. నాళం అడుగున పలచటి పొర మాత్రమే కట్టింది. బాబాయి దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "పలచనేనమ్మా. గొట్టం పెట్టించు" అన్నాడు.

ఊపిరితిత్తుల్లో గాలి సంచికీ నెత్తురు నాళానికీ మధ్య ఉల్లిపొరకన్నా పలచటి గోడ ఉంటుంది. ఎత్తు మీద నెత్తురు ఒత్తిడి పెరిగితే ఆ గోడలోంచి నీళ్ళు ఊరతాయి. ప్రోటీన్లు పెద్దవి, ఆ సందుల్లో పట్టవు, చాలామటుకు నెత్తురులోనే ఉండిపోతాయి. గోడ చిరిగితే మాత్రం అవీ వచ్చిపడతాయి, తమ వెనక ఇంకా నీళ్ళు లాక్కొస్తాయి. అలాంటి మనిషికి ఎంత గాలి పెట్టినా నిలవడు. కాబట్టి పలచనగా ఉన్నవాళ్ళకే గొట్టం. నాలుగోది ఇవాళ ఖాళీగా ఉండటం ఆయన అదృష్టం.

మూతికి తొడుగు పెడుతుంటే, "మిషను ఆగలేదు, చూశావా?" అన్నాడు.

"నోర్మూసుకుని గాలి పీల్చవయ్యా."

"నోర్మూసుకుంటే ఎలా పీలుత్తానే?"

నవ్వబోతే నురగ పొంగింది. తుడిచాను. ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

నమోదు 213
గొట్టాలు: నాలుగూ నిండాయి. ఒకరు బయట.

కింది నుంచి కొత్తవాళ్ళు ఎక్కి వచ్చారు. కింద ఎండకు తట్టుకోలేక ప్రతి ఏడూ వస్తూనే ఉన్నారు. ఒక్కో మజిలీలో కొన్నాళ్ళు ఆగి, ఒంటికి ఎత్తు అలవాటు చేసుకుని ఎక్కాలి. వీళ్ళు ఆగలేదు. కింది మజిలీలో నీళ్ళు అయిపోయాయట, ఎవరిని తప్పుబట్టను?

అందులో ఎస్తేరు అనే ఆమెకు ఛాతీ నిండా నీళ్ళు. కాచి చూశాను, పలచన. గొట్టానికి అర్హురాలే. గొట్టం లేదు. ఆమె భర్త దేవసహాయం గుమ్మం పక్కన కూర్చుని, తలుపు తీసిన ప్రతిసారీ లేచి నిలబడుతున్నాడు. మిగతా మూడు గొట్టాల మీద ఉన్నవాళ్ళు నిన్నగాక మొన్న కోలుకోవడం మొదలుపెట్టారు, వాళ్ళను తీయడానికి లేదు.

"రేపు పొద్దున్న రెండో పరీక్ష ఉందయ్యా. ఏదో ఒకటి ఖాళీ అయితే మీకే" అన్నాను. అన్నాక నా నాలుక కరుచుకున్నాను. రేపు రెండో పరీక్ష ఉన్నది ఒక్క త్రిమూర్తులికే.

రెండో పరీక్ష మా పద్ధతి. గొట్టం పెట్టిన మూడో రోజు మళ్ళీ కాస్తాం. మొదటిసారి పలచనగా ఉన్నది ఈసారి చిక్కబడిందంటే, గోడ చిరిగిందని లెక్క. అప్పుడు గొట్టంలో గాలి ఆపే మర తిప్పి కట్టేయాలి. కట్టేది ఆసుపత్రివాళ్ళు కాదు, ఇంటి మనిషే. మరో చెయ్యి దాన్ని తాకకూడదు. రేపు ఒకరినొకరు నువ్వు చంపావంటే నువ్వు చంపావని అనుకోకుండా, ఊరు కట్టిన తొలి రోజుల్లోనే పెద్దలు ఈ కట్టుబాటు పెట్టారు. రోగి ఛాతీలోంచి కారిన నీళ్ళు పట్టే మంచం కింది గిన్నె పారబోసేది కూడా ఇంటి మనిషే. మర తిప్పిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు, ఇరుగుపొరుగు చారు తెచ్చిస్తారు.

మంచుమెట్టలో మర తిప్పని ఇల్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రెండు శీతాకాలాల కిందట పెద్దిరాజు బాబాయి తన కూతురు మంగతాయారు మర తిప్పాడు. అప్పటి నుంచి ఆయన ఆసుపత్రి వదిలి సరిగ్గా ఇంటికి కూడా వెళ్ళడు. మనిషి మంచివాడు. గొట్టాల విషయంలో మాత్రం దేవుడొచ్చి అడిగినా వినడు.

సాయంత్రం త్రిమూర్తులు గిన్నె నేనే పారబోశాను. అంచుదాకా నిండింది. మంచులో గులాబి మరక పడింది.

నమోదు 214
గొట్టాలు: నాలుగూ నిండాయి. అలాగే ఉంచాను. కింద చదవండి.

చిక్కబడింది.

నాళంలో సగందాకా తెల్లగా గుడ్డు కట్టింది. నమ్మలేక ఇంకో నాళంలో పోసి కాచాను. అంతే. బాబాయి నా వెనకే ఉన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "పొద్దుగూకేలోపు తల్లీ" అన్నాడు.

ఇంటికి వచ్చాను. నేను చేరేలోపే కబురు చేరింది. గడప మీద పక్కింటివాళ్ళ చారు గిన్నె మూత పెట్టి ఉంది. ఇంకా తిప్పలేదు తల్లుల్లారా, ఆయన ఇంకా బతికే ఉన్నాడని అరవాలనిపించింది. ఆ చారును పొయ్యి మీద పెట్టి, దాని ముందు కూలబడ్డాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మాడువాసన వస్తే లేచాను. గిన్నెలో అడుగున పావు వంతు మిగిలింది. ఎందుకో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. ఉప్పు కషాయం.

ఉప్పు ఎవరూ వెయ్యలేదు. నీళ్ళు పోయాయి.

అక్కడే నిలబడిపోయాను. తర్వాత చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తాను.

ఆయన మంచం కింద గిన్నె లాగి చూశాను. నిన్న అంచుదాకా నిండిన గిన్నెలో ఇవాళ పావు కూడా లేదు. పెదాల మీద నేరేడు రంగు వెలిసిపోతోంది. ఛాతీకి చెవి ఆనించాను. గురగుర అడుగున మాత్రమే ఉంది, నిన్న గొంతుదాకా ఉండేది. గోడ చిరిగితే గుడ్డుతో పాటు నీళ్ళూ పెరగాలి. ఇక్కడ గుడ్డు పెరిగింది, నీళ్ళు తగ్గాయి. అంటే గుడ్డు పెరగలేదు. అది ఉన్నంతే ఉంది. గోడ బాగుంటే, దాని కణాలు ఉప్పును నెత్తురు వైపుకు తోడేస్తాయి, ఉప్పు వెంట నీళ్ళు వెళతాయి. ఈ ముక్క నేను చదువుకున్నదే. ప్రోటీను అంత తొందరగా తిరిగి పోదు, అది మెల్లగా, ఎన్నో రోజులకు గానీ కదలదు. నీళ్ళు పోయి అది మిగిలిపోతుంది. అందుకే చిక్కన.

చిక్కబడటం అంటే కోలుకోవడం. అందరికీ కాదు, కొందరికి. గిన్నె నిండుతూ చిక్కబడితే చావు. గిన్నె ఎండుతూ చిక్కబడితే బతుకు. మేము ఇన్నేళ్ళూ నాళాన్ని చూశాం, గిన్నెను చూడలేదు. నాళం కాచేది నేను, గిన్నె పారబోసేది ఇంటివాళ్ళు. రెండూ ఒక మనిషి చూడలేదు. ఇవాళ నా ఖర్మ కొద్దీ రెండూ నేనే.

బాబాయికి చెప్పాను. తడబడకుండా, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన గిన్నె వంక చూడలేదు.

"ఇన్నేళ్ళ పద్ధతమ్మా ఇది" అన్నాడు.

"పద్ధతి తప్పు బాబాయ్. నీళ్ళు తగ్గాయి, చూడండి. ఒక్కసారి గిన్నెలోకి చూడండి."

"నేను చూడనక్కర్లేదు. మీ ఆయన కాబట్టి నీకలా కనపడతంది."

"అవును, మా ఆయన కాబట్టే కనపడింది. వేరేవాళ్ళ ఆయనైతే నాళం కడిగేసి ఇంటికెళ్ళి అన్నం తినేదాన్ని. అయితే మాత్రం కనపడింది అబద్ధమైపోతుందా?"

"బయట ఆ పిల్ల చచ్చిపోతంది సత్యవేణీ!" ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "పలచనగా ఉన్న పిల్ల. గొట్టం పెడితే బతికే పిల్ల. మర తిప్పు."

"తిప్పను."

గుమ్మంలో జనం చేరారు. అందరూ ఎరిగినవాళ్ళే. ఆ మంచాల పక్కన నిలబడి తమ చేతులతో మర తిప్పినవాళ్ళే. ఒక్కరూ నన్ను తిట్టలేదు. నా చేతుల వంక చూశారు. వేరే చెయ్యి తాకకూడదన్న కట్టుబాటు లేకపోతే ఎవరో ఒకరు వచ్చి తిప్పేసేవాళ్ళే. ఇన్ని ప్రాణాలు తీసిన కట్టుబాటే నా మొగుడికి అడ్డు నిలబడింది.

జనంలోంచి దేవసహాయం ముందుకు వచ్చాడు. నన్ను కొడతాడనుకున్నాను. చేతులు జోడించాడు. "అమ్మా, మీ ఆయన్ని తియ్యమని నేననను. మా ఆవిడకి కాసేపు పెట్టండమ్మా. కాసేపే."

ఎస్తేరు మంచాన్ని త్రిమూర్తులు మంచం పక్కకు లాగించాను. ఒకే గొట్టం, ఒకే తొడుగు. కొంతసేపు ఆమెకు, కొంతసేపు ఆయనకు. తొడుగు తీసినప్పుడల్లా ఆయన పెదాలు మళ్ళీ నల్లబడటం చూస్తూ కూర్చున్నాను. ఆయనే తొడుగు తీసి ఆమెకు పెట్టమని సైగ చేశాడు. ఒకసారి నేను చూడనట్టు నటించాను. అదీ రాస్తున్నాను.

నమోదు 215
గొట్టాలు: నాలుగు. మరణం: ఒకటి.

ఎస్తేరు పోయింది.

తెల్లారి కాస్తే ఆమెదీ చిక్కబడింది. గిన్నె చూశాను. నిండి, పొర్లి, మంచం కోడు తడిసింది. నిజంగా గోడ చిరిగితే ఎలా ఉంటుందో అది. దేవసహాయం గిన్నెను రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ బయటికి తీసుకెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి అయిపోయింది.

"నేనేదైనా తిప్పాలామ్మా?" అని అడిగాడు. మా పద్ధతి ఎవరో చెప్పి ఉంటారు.

"అక్కర్లేదు" అన్నాను.

చాలాసేపు ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వెళ్ళేముందు అడిగాడు, "మొదట్లోనే మొత్తం గొట్టం మా ఆవిడకే ఇచ్చుంటే బతికేదాండీ?"

అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు. నిజమేమిటో తెలియదు. "తెలీదయ్యా" అన్నాను. ఆయన తల ఊపాడు. నేను చెప్పింది పెద్ద సమాధానమైనట్టు, దాన్ని జాగ్రత్తగా పట్టుకుని వెళ్ళిపోయాడు.

నాకు కొత్త సంగతి తెలిసినంత మాత్రాన ఐదో గొట్టం మొలవలేదు. ఈ మాట రాస్తుంటే కలం విసిరేయాలనిపిస్తోంది.

నమోదు 219
గొట్టాలు: మూడు నిండాయి, ఒకటి ఖాళీ.

త్రిమూర్తులు లేచాడు. మూడు రోజులుగా గొట్టం తీసి తీసి అలవాటు చేశాను. గంజి తాగాడు, ఉప్పు లేదని సణిగాడు. ఉప్పు మాట ఎత్తవద్దన్నాను.

మధ్యాహ్నం ఎండ కాస్త నిలబడితే, ఇంటిదాకా నడుస్తానన్నాడు. చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చాను. మంచుమెట్టలో రెండో పరీక్షలో చిక్కబడ్డాక ఎవరైనా ఆ వీధిలో నడవడం ఇదే మొదలు. మనుషులు గుమ్మాల్లోకి వచ్చారు. ఆయన అందరినీ పలకరించాడు. "బాగున్నారా వదినా? ఏం మావయ్యా, మిషను ఎలా తిరుగుతంది?" వాళ్ళు ఆయన మొహం వంక కాదు, ఛాతీ వంక చూశారు. అది లేవడం, దిగడం చూశారు. తన తల్లికి మర తిప్పిన ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. తర్వాత ఒక్కో తలుపే మూసుకుంది.

"ఏంటే, నేను బతికితే వీళ్ళకి కోపమా?" అన్నాడు ఆయన.

"కోపం కాదయ్యా. నడువు."

ఇంట్లో పడుకోబెట్టి ఆయనకు అంతా చెప్పాను. విని గోడవైపు తిరిగాడు. తన సొంత అన్నకు మర తిప్పింది ఆయనే. ఆ సంగతి నేను మరిచిపోలేదు, చెప్పేటప్పుడు గుర్తు చేసుకోవద్దనుకున్నాను. ఒక్కటే మాట అన్నాడు. "మళ్ళీ ఎవరికీ చెప్పకే." చెప్పకపోతే రేపు ఎవరో ఇంకో మర తిప్పుతారని అన్నాను.

నమోదు 220
గొట్టాలు: మూడు నిండాయి, ఒకటి ఖాళీ.

పెద్దిరాజు బాబాయి మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. గుమ్మంలో తువ్వాలు దులుపుకుని, అడగకుండానే త్రిమూర్తులు పక్కన కూర్చున్నాడు. వంగి, ఆయన ఛాతీ మీద చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. త్రిమూర్తులు కదలకుండా ఊపిరి తీస్తూ, వదులుతూ, ఆ నెరిసిన తల వంక చూశాడు.

"నీళ్ళు లేవు" అన్నాడు బాబాయి లేచి.

"లేవు బాబాయ్."

"రేపటి నించి నాళంతో పాటు గిన్నె కూడా చూడు. రెండూ రాయి. పొద్దున్నే గోడ మీద నేనే రాసేశాను, అందరికీ తెలిసేలాగ."

అలాగేనన్నాను. ఆయన వెళ్ళలేదు. చేతివేళ్ళు ఒకదానితో ఒకటి తిప్పుకుంటూ కూర్చున్నాడు. మరను తిప్పే తీరులోనే తిప్పుతున్నాడని నాకు ఆలస్యంగా తట్టింది.

"మా తాయారు నాళం నువ్వే కాచావు కదమ్మా."

"అవును బాబాయ్."

"ఆ రోజు గిన్నెలో ఎంతుందో నీకేమైనా గుర్తుందా?"

నాకు గుర్తు లేదు. అప్పట్లో నేను ఏ రోజూ ఎవరి గిన్నెలోకీ చూడలేదు. కానీ ఆయన మొహం చూశాక, చెప్పాల్సింది ఒక్కటే అనిపించింది.

"నిండా ఉంది బాబాయ్. అంచుదాకా. పొర్లిపోతుంటే నేనే చూశాను. ఆ పిల్లకి గోడ చిరిగిపోయింది. మీరు చేసింది సరైనదే."

ఆయన నా వంక చూశాడు. కోపం లేదు. చిన్నపిల్ల అబద్ధమాడితే చూసినట్టు, జాలిగా చూశాడు.

"ఆ గిన్నె పారబోసింది నేనే కదమ్మా" అన్నాడు. "బయటిదాకా ఎళ్ళే పనే లేకపోయింది. అడుగున తడి. గుమ్మంలోనే విదిలించేశాను."